పూర్వ వృత్తి: లోకం

విదేశాల్లో సువార్త పని చేసే మనవాళ్ళు జబ్బుపడితే వాళ్ళని ఇంటికి రప్పించి, వైద్యం చేయించి, తిరిగి పంపాలో వద్దో తేల్చడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళు చేశాను. దీనికి సరైన పేరు లేదు. గుంటూరు బ్రాడీపేటలో మా క్రైస్తవ మిషను ఆఫీసు మేడ మీద, జిరాక్సు మిషనుకీ మంచినీళ్ళ కుండకీ మధ్య ఒక బల్ల ఉండేది. దాని మీద 'మెడికల్' అని రాసిన చెక్కముక్క ఉండేది. నా హోదా అంతా ఆ చెక్కముక్కే.

అంతకుముందు పదమూడేళ్ళు ఆస్పత్రిలో నర్సుని. అక్కడ సిస్టరునే, సంఘంలో సిస్టరునే, ఆఫీసులోనూ సిస్టరునే. రిటైరైన రోజు శాలువా కప్పేటప్పుడు మైకులో 'సుగుణ గారు' అని పిలిస్తే, ఆవిడెవరా అని సగం మంది వెనక్కి తిరిగి చూశారు.

ఇప్పుడు ఆ బల్ల దగ్గరికి కొత్తమ్మాయి వచ్చింది. మొన్న ఫోను చేసి, "మేడమ్, ఈ పనిలో ముఖ్యంగా ఏం చూసుకోవాలి?" అని అడిగింది. ఫోనులో చెప్పేది కాదు, రాసి పంపుతానన్నాను. వీసాలు, ఇన్సూరెన్సు, కాగితాలు ఇవేవీ ఇక్కడ రాయను. అవి ఆ అమ్మాయికి నాకంటే బాగా వచ్చు. నేను చేసిన ఒక తప్పు మాత్రం పూర్తిగా రాస్తాను. ఫైళ్ళన్నీ తిరగేసినా అది తప్పని ఎక్కడా రాసి ఉండదు.

చివరి వరుస

దూరదేశంలో ఉన్న మిషనరీ నెలకొకసారి ప్రార్థన అంశాలు రాసి పంపుతాడు. ఒకప్పుడు ఉత్తరంలో, ఇప్పుడు వాట్సాప్‌లో. వర్షాల కోసం, బడి కోసం, జీపు టైర్ల కోసం ప్రార్థించండి అని వరుసగా రాస్తాడు. ఆ జాబితాలో జబ్బు మొదట ఉంటే అది జలుబు. చివర ఉంటే ఆపరేషను. ఇది ఏ నర్సింగు కాలేజీలోనూ చెప్పరు.

ఫిలిప్పీన్స్ దీవుల్లో పనిచేసిన ఒక టీచరమ్మ ఒకసారి పది అంశాలు పంపింది. తొమ్మిదోది జనరేటరు బ్యాటరీ. పదోది 'అప్పుడప్పుడు ఒంట్లో కొంచెం నలతగా ఉంటోంది.' నేను ఆ పదోది చదివి వెంటనే టిక్కెట్టు తీయించాను. ఆఫీసులో అందరూ నాకు తొందరెక్కువన్నారు. గుంటూరులో ఆపరేషను చేసి గర్భసంచిలోంచి గడ్డ తీశారు. ఆ నలత రెండు కిలోల పైన తూగింది.

ఫోనులో అడిగితే ఎవరైనా 'పర్లేదు సిస్టరు గారూ' అంటారు. నమ్మకండి. మన వైపు 'పర్లేదు' అనేది మర్యాద. వాళ్ళావిడకి ఫోనివ్వమని అడగండి. ఆవిడ కూడా పర్లేదంటే వీడియో పెట్టమని, లేచి నాలుగడుగులు నడవమనండి.

వాళ్ళు అబద్ధాలకోరులు కారు, భయస్తులు. జబ్బంటే వాళ్ళకి భయం లేదు, ఇంటికి రావడమంటే భయం. పంపేటప్పుడు సంఘమంతా నిలబడి చేతులెత్తి పంపుతుంది. మధ్యలో వచ్చేస్తే ఏమనుకుంటారోనని. నిజానికి ఎవరూ ఏమీ అనుకోరు. కానీ చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషీ 'ఎలా ఉంది?' అనడానికి ముందు 'మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?' అని అడుగుతాడు. మంచం మీద ఉన్నవాడికి ఆ ప్రశ్న ఎక్కడ తగులుతుందో అడిగేవాడికి తెలియదు.

దండలు

జబ్బు మనిషి గన్నవరంలో విమానం దిగేసరికి సంఘం వాళ్ళు రెండు వ్యాన్లలో బ్యానరుతో సహా వచ్చి ఉంటారు. మెడ ఎముక అరిగి వచ్చిన ఒకాయనకి పదకొండు దండలు వేశారు. అన్నీ బంతిపూలవే, నిండు దండలు. చక్రాల కుర్చీ తెప్పిస్తే ఆయన ఎక్కనన్నాడు. కుర్చీలో వస్తే ఫొటో బాగుండదట.

ఆ తర్వాత ఆపిల్ పళ్ళు, బత్తాయిలు, రొట్టెలతో జనం. వచ్చిన ప్రతివాళ్ళూ రోగి నెత్తిన చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తారు. కొందరి చేతులు బరువు. తలనొప్పితో వచ్చిన మనిషికి ఒక పూటలో పద్నాలుగు మంది అలా చేశాక, 'ప్రార్థన గుమ్మం బయట నుంచి కూడా పనిచేస్తుంది' అని రాసి తలుపుకి అంటించాను. మా సెక్రటరీ గారు చింపేశారు. నేను మళ్ళీ అంటించాను. అలా నాలుగుసార్లు జరిగింది.

అయ్యగారు

మా సెక్రటరీ పేరు దైవసహాయం గారు. పాస్టరు కాబట్టి అందరికీ అయ్యగారు. మంచివాడు. మంచివాళ్ళ కింద పనిచేయడం కష్టం, ఇంటికెళ్ళి తిట్టుకోవడానికి కూడా ఏమీ ఉండదు. ఎవరికే జబ్బు వచ్చినా అది మూడు వారాల్లో తగ్గిపోతుందని ఆయన నమ్మకం. అందుకని నాలుగో వారంలో నాలుగు సంఘాల్లో మీటింగులు పెట్టేవారు. వచ్చిన మనిషి అక్కడ సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యమంటే తను ఒకప్పుడు ఎలా బతికాడు, దేవుడు తనని ఎలా మార్చాడు అని నిలబడి చెప్పడం.

రోగిని మీటింగులకి తిప్పొద్దని ఆయనతో చాలాసార్లు దెబ్బలాడాను. ఒక్కో సాక్ష్యం మనిషిని ఒక్కో వారం వెనక్కి లాగుతుందని చెప్పాను. చివరికి ఆ సాక్ష్యాలే నాకు బుద్ధి చెప్పాయి కాబట్టి, ఆ విషయంలో ఆయన తప్పని ఇప్పుడు అనలేను.

ఏసోబు గారు

ఏసోబు గారిది మార్టూరు పక్కన పల్లె. మలావి దేశంలో ఒక మారుమూల ఊళ్ళో ఆడపిల్లల హాస్టలు కట్టడానికి వెళ్ళాడు. బోధకుడు కాదు, చేతిపనివాడు. అక్కడ దొరికే రాయిని కోసి, పేర్చి గోడలు లేపేవాడు. అక్కడివాళ్ళకి ఆ పని నేర్పేవాడు. భార్య కరుణమ్మ పిల్లలకి కుట్టుపని చెప్పేది. ఇద్దరూ నెమ్మది మనుషులు. వాళ్ళ దగ్గర్నుంచి వచ్చే ప్రార్థన అంశాల్లో ఎప్పుడూ మూడే ఉండేవి: గోడలు, నీళ్ళు, పిల్లలు.

ఒక నెల నాలుగోది వచ్చింది. 'దగ్గు.'

అక్కడి ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల పైభాగంలో మచ్చలు కనపడ్డాయి. టీబీ అన్నారు. ఆ దేశంలో టీబీ ఎక్కువ, ఆ మచ్చలూ అలాగే ఉంటాయి, వాళ్ళని తప్పుపట్టను. మందులు మొదలుపెట్టారు. నేను ఇంటికి రప్పించాను. ఇక్కడ చూసిన డాక్టరు కూడా అవే మందులు కొనసాగించారు. కళ్ళె మూడుసార్లు పరీక్షకి పంపితే క్రిమి కనపడలేదు. కొందరిలో కనపడదన్నారు. నిజమే, కొందరిలో కనపడదు. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు అలాంటివాళ్ళని చూశాను. అందుకే నేనూ అనుమానించలేదు.

ఆరు నెలలయ్యేసరికి దగ్గు తగ్గింది. కరుణమ్మ వంటకి నాలుగు కిలోలు పెరిగాడు. నాలుగు మీటింగులూ అయ్యాయి. వాటిలో మూడింటికి నేను కూడా వెళ్ళాను, మందులు వేళకి వేసుకుంటున్నాడో లేదో చూడడానికి.

ఆయన సాక్ష్యం ఎప్పుడూ ఒక్కటే. చేతులు కట్టుకుని, నేల చూపులు చూస్తూ చెప్పేవాడు.

"లోకంలో ఉన్నప్పుడు పదకొండేళ్ళు దుమ్ములో బతికానండీ. దుమ్ము తిన్నా, దుమ్ము తాగా, దుమ్ములోనే పడుకున్నా. నా మొహం మా అమ్మే గుర్తుపట్టేది కాదు. అట్టాంటి దుమ్ములోంచి ఆయన నన్ను లేపాడండీ."

సంఘమంతా 'ఆమెన్' అనేది. నేనూ అన్నాను. మూడుసార్లు అన్నాను.

మా సంఘాల్లో ఇది అందరూ చెప్పే మాటే. 'లోకంలో ఉన్నప్పుడు' అంటే విశ్వాసంలోకి రాకముందు. ఆ పాత బతుకు ఎలాంటిదైనా దుమ్మనే అంటాం. నేను పుట్టింది పర్చూరులో, పెరిగింది సిమెంటు గచ్చు మీద, మా నాన్న బడిపంతులు. అయినా నేను కూడా బాప్తిస్మం నాడు దుమ్ములోంచి లేచానని సాక్ష్యం చెప్పాను. ఎవరూ ఏ దుమ్మని అడగలేదు.

నా సంతకం

బరువు పెరిగింది, దగ్గు తగ్గింది, మందుల కోర్సు పూర్తయింది. ప్రయాణానికి యోగ్యుడని సంతకం పెట్టాను. ఏసోబు గారు ఆ కాగితాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. "హాస్టలు గోడలు కిటికీల దాకా లేచినయ్యి సిస్టరు గారూ. వానలు పడేలోగా కప్పెయ్యాల" అన్నాడు. కరుణమ్మ ఊరగాయ జాడీ సర్దుకుంది.

పద్నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చాడు.

మా ఆఫీసు మెట్లు పంతొమ్మిది. ఏడో మెట్టు మీద ఆగిపోయాడు. ఎనిమిదో మెట్టు మీద గోడకి ఆనుకుని నవ్వాడు. మెట్లెక్కుతూ నవ్వేవాళ్ళని జాగ్రత్తగా చూడండి, వాళ్ళు ఊపిరి కోసం ఆగి, మనకి తెలియకూడదని నవ్వుతారు. నేనే కిందికి దిగాను. మెడకిరుపక్కలా గుంటలు పడ్డాయి. గోళ్ళ నీలిరంగు చూశాక ఇక అడగడానికేమీ లేదు.

"పర్లేదండీ" అన్నాడు.

"నోర్మూసుకుని ఆటో ఎక్కండి" అన్నాను. అయ్యగారు పక్కనే ఉన్నారు. నా నోటి నుంచి అలాంటి మాట ఆయన వినడం అదే మొదటిసారి.

ఏ దుమ్ము?

ఛాతీ డాక్టరు మస్తాన్ గారి ఆస్పత్రి మా ఆఫీసుకి రెండు వీధుల అవతల. చీరాల వైపు మనిషి, మాట తక్కువ. పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"ఈయనేం చేస్తారు?"

"మిషనరీ అండీ" అన్నాను.

"అదేం పనమ్మా? చేతులతో ఏం చేస్తారని అడుగుతున్నా."

"హాస్టలు కడుతున్నారు. ఆఫ్రికాలో."

"ఎన్నేళ్ళ నుంచి?"

"ఆరేళ్ళు."

"ఇది ఆరేళ్ళ పని కాదు" అన్నారు ఆయన, ఎక్స్‌రే మీద వేలుపెట్టి. "అంతకుముందు?"

అంతకుముందు ఆయన ఏం చేసేవాడో నాకు తెలియదు. ఆరేళ్ళుగా ఫైలు నా దగ్గరుంది. ఆయన రక్తం గ్రూపు తెలుసు, కళ్ళజోడు నంబరు తెలుసు, బాప్తిస్మం ఏ కాలవలో తీసుకున్నాడో కూడా తెలుసు.

ఏసోబు గారు దగ్గు ఆపుకుని, "సాక్ష్యంలో చెప్తానండీ ఎప్పుడూ" అన్నాడు.

"నేను మీ సాక్ష్యం వినలేదయ్యా. చెప్పండి."

ఆయన అలవాటు చొప్పున లేచి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. చేతులు కట్టుకున్నాడు. నేల వైపు చూస్తూ మొదలుపెట్టాడు. "లోకంలో ఉన్నప్పుడు పదకొండేళ్ళు దుమ్ములో బతికానండీ..."

"ఆగండి" అన్నారు డాక్టరు గారు. "ఏ దుమ్ము?"

ఏసోబు గారు తలెత్తి ఆయన వంక వింతగా చూశాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

"రాతి దుమ్మండీ. మార్టూరులో. ఇంకే దుమ్ము ఉంటది?"

పదమూడో ఏట క్వారీలో చేరాడు. ముందు రాయికి చిల్లులు వేసే పని, తర్వాత పలకల అంచులు చేతి గ్రైండరుతో కోసే పని. పొడికోతే, దుమ్ము అణిగేలా నీళ్ళు పోయడం లేదు. సాయంత్రానికి మనుషులు కనుబొమ్మల దాకా తెల్లగా అయ్యేవాళ్ళు. అమ్మే మొహం గుర్తుపట్టేది కాదన్న మాట కూడా నిజమే. పదకొండేళ్ళు. ఆ తర్వాత మేం ఆయన్ని మలావికి పంపి, అక్కడా రాయే కోయించాం.

డాక్టరు గారు సిలికోసిస్ అన్నారు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని కండ గట్టిపడిపోతుంది. పని మానేశాక కూడా లోపల పెరగొచ్చు. "పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. దుమ్ము దగ్గరికి మాత్రం వెళ్ళకూడదు." మొదటిసారి దగ్గు ఎందుకు తగ్గిందో అప్పుడర్థమైంది. మందులకి కాదు. ఆ ఆరు నెలలూ ఆయన రాయి ముట్టుకోలేదు, అంతే.

మస్తాన్ గారు మాకంటే తెలివైనవారని నేననను. ఆయనకి మా భాష రాదు, అదొక్కటే తేడా. ఆయన మసీదుకి వెళ్ళే మనిషి, మా సాక్ష్యాలు ఎన్నడూ వినలేదు. అందుకని దుమ్మంటే దుమ్మే అనుకున్నారు.

ఆటోలో వచ్చేటప్పుడు, "నాది తప్పండీ ఏసోబు గారూ" అన్నాను.

"మీరేం చేశారులెండి" అన్నాడాయన. మళ్ళీ ఆయనే, "నేనైతే ప్రతిసారీ చెప్పా గందా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు.

ఆఫీసుకొచ్చి ఫైలు తీశాను. మా దరఖాస్తు ఫారంలో 'రక్షణ అనుభవం' అని ఒక పేజీ నిండా గీతలుంటాయి. ఆయన చక్కగా నింపాడు, దుమ్ముతో సహా. మూడో పేజీలో 'పూర్వ వృత్తి' అని ఒకే ఒక్క గీత. దాని మీద ఏసోబు గారి దస్తూరీలో 'లోకం' అని ఉంది. కింద 'సరిచూడబడినది' అని నా సంతకం.

మిగతా ఫైళ్ళు కూడా తీసి చూశాను. సగం మంది అదే రాశారు. నేనందరికీ సంతకం పెట్టాను. జిరాక్సు మిషను వెనక్కి వెళ్ళి ఏడ్చాను. మిషను తిరుగుతుంటే అక్కడేం చేసినా వినపడదు. ఎవరూ జిరాక్సు తీసుకోకుండానే పావుగంట సేపు మిషను తిరిగిందని తర్వాత అయ్యగారు కరెంటు గురించి మందలించారు.

ఎర్ర సిరా

నెల రోజులకి ఏసోబు గారు కొంచెం తేరుకున్నాడు. నా దగ్గరికొచ్చి మళ్ళీ యోగ్యత కాగితం అడిగాడు. ఈసారి కిందనుంచే కబురు పెట్టాడు, మెట్లెక్కలేదు. నేను దిగి వెళ్ళి కుదరదన్నాను.

"కప్పు ఒక్కటే మిగిలిందండీ. కప్పేసి వచ్చేస్తా."

"కుదరదు."

"నేను రాయి కొయ్యను. పక్కన నుంచుని చెప్తా, అంతే."

"మీరు పక్కన నుంచునే రకం కాదు. మీకూ తెలుసు, నాకూ తెలుసు."

అయ్యగారు కూడా వచ్చారు. తిరిగి వెళ్తున్నాడని సంఘానికి ఎప్పుడో చెప్పేశామన్నారు. దేవుడు కాపాడతాడు సిస్టర్ అన్నారు. కాపాడతాడండీ, ఆ కాపాడడానికే డాక్టరు గారి చేత అడిగించాడు, మనం విననట్టుంటే ఎలా అన్నాను. కాగితం మీద 'తిరిగి పంపరాదు' అని ఎర్ర సిరాతో రాసి ఇచ్చాను. నా సర్వీసులో ఎర్ర సిరా వాడింది ఆ ఒక్కసారే. పెన్ను పక్కింటి కోచింగు సెంటరులో అడిగి తెచ్చుకున్నాను.

మొదటిసారి తప్పుగా పంపినందుకు ఏసోబు గారికి నా మీద కోపం రాలేదు. సరిగ్గా ఆపినందుకు వచ్చింది. "మీరు నన్ను సేవలోంచి తీసేశారు సిస్టరు గారూ" అని వెళ్ళిపోయాడు. ఐదు నెలలు మాట్లాడలేదు. మందులు కరుణమ్మ వచ్చి తీసుకెళ్ళేది.

"ఇంట్లో ఎలా ఉంటున్నారు?" అని అడిగితే, "మీ పేరెత్తితే మండిపడతన్నాడండీ" అనేది. "పడనీయండి. ఊపిరుండబట్టే గందా కోపం వస్తంది."

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఇది చెప్పాలి. రోగి మనల్ని ఇష్టపడడం ఈ ఉద్యోగంలో భాగం కాదు. నాకది నేర్చుకోవడానికి చాలాకాలం పట్టింది. ఇప్పటికీ పూర్తిగా రాలేదు. ఆ ఐదు నెలలూ కరుణమ్మ వచ్చిన ప్రతిసారీ ఆమె వెనకాల ఆయనున్నాడేమోనని మేడ మీద నుంచి తొంగి చూసేదాన్ని.

ఒక గీతకి బదులు ఒక పేజీ

ఆ మధ్యలో ఫారం మార్పించాను. 'పూర్వ వృత్తి' కింద ఒక పేజీ కావాలన్నాను. ఏ వయసు నుంచి ఏ వయసు దాకా, ఎక్కడ, చేతులతో ఏం చేశారు, చుట్టూ గాలిలో ఏముండేది.

అయ్యగారు ఇబ్బంది పడ్డారు. "విశ్వాసుల పాత జీవితం గురించి అలా ఆరా తీస్తే బాగుంటుందా సిస్టర్?"

"పాపాలు అడగట్లేదండీ. పని అడుగుతున్నాను."

తర్వాత ఆయనే మొదటి ఫారం తీసుకుని నింపారు. చదువుకునే రోజుల్లో సెలవులకి రెండేళ్ళు పొగాకుని వేడితో ఎండబెట్టే బ్యారన్‌లో పనిచేశారట. ఇరవయ్యేళ్ళుగా ఆయన పొద్దున్నే దగ్గుతుంటే ప్రసంగం కోసం గొంతు సవరించుకుంటున్నారనుకున్నాను. మరునాడే మస్తాన్ గారి దగ్గరికి పంపాను.

ఫారాలు రావడం మొదలయ్యాక తెలిసింది, అందరి లోకం ఒకటి కాదని. ఒకాయన లోకం దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపడం. ఒకాయన లోకం జిన్నింగు మిల్లు, దూది నూగు మధ్య. ఒకావిడ లోకం మిరప కళ్ళం, తొమ్మిదేళ్ళు తొడిమలు తీసింది. ఆమెకి ఏ వాసన వచ్చినా ఎందుకు ఉబ్బసం వస్తుందో అక్కడ కెన్యాలో ఎవరికీ అర్థం కాలేదు. ఆ ఒక్క పేజీ చదివితే నాకర్థమైంది.

మార్టూరు

ఐదు నెలలయ్యాక ఏసోబు గారే ఫోను చేశాడు. పలకరింపు లేదు. "మలావిలో నా దగ్గర పని నేర్చినోళ్ళు ఆరుగురున్నారండీ. ఆళ్ళూ పొడికోతే కోస్తన్నారు. నేనే నేర్పా" అన్నాడు. ఏడుస్తున్నాడని అర్థమైంది.

నీళ్ళు పోసి కోయమందామంటే, అక్కడ నీళ్ళు ఆడవాళ్ళు మైలు దూరం నుంచి మోసుకొస్తారు. తాగే నీళ్ళు రాయి మీద పోయమని ఎవరు చెప్పగలరు? ఏసోబు గారు మంచం మీద కూర్చునే వారం రోజులు వీడియోలో వాళ్ళతో మాట్లాడాడు. హాస్టలు పిల్లలు స్నానం చేసిన నీళ్ళు కాలవ తీసి తొట్టిలో పట్టించాడు. డబ్బాకి చిల్లి పెట్టి పెట్రోలు కట్టరు రంపం మీద చుక్కచుక్కగా పడేలా కట్టించాడు. పని సగానికి సగం నెమ్మదించింది. కప్పు వానలకి ముందు పడలేదు, తర్వాతే పడింది. ఫొటో పంపారు. ఏసోబు గారికి అందులో ఒక్క వంకే కనపడింది, ఒక మూల రాయి సరిగ్గా కూర్చోలేదని. అదే చెబుతూ రెండు రోజులు గడిపాడు.

నా రిటైర్మెంటుకి నెల ముందు వాళ్ళ ఊరి సంఘంలో ఏసోబు గారిని సాక్ష్యం చెప్పమన్నారు. నన్నూ రమ్మన్నాడు. "మీరుంటే మధ్యలో ఆపొచ్చు, మీకలవాటే గందా" అన్నాడు. క్షమించాడని నేనలా తెలుసుకున్నాను.

ఆదివారం సాయంత్రం. చిన్న రేకుల చర్చి. వచ్చినవాళ్ళలో మగవాళ్ళు చాలామంది రాతి పలకలు కోసే యూనిట్లలో పనిచేసేవాళ్ళు, స్నానం చేసి వచ్చారు కానీ చెవుల మడతల్లో తెల్లగా ఉంది. ఏసోబు గారికి కుర్చీ వేశారు. ఆయన నిలబడలేదు. చేతులు కట్టుకున్నాడు, నేల వైపు చూశాడు.

"లోకంలో ఉన్నప్పుడు పదకొండేళ్ళు దుమ్ములో బతికానండీ."

"ఆమెన్" అన్నారు అందరూ. నాకూ నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

ఏసోబు గారు తలెత్తాడు. ఊపిరి అందేదాకా ఆగాడు.

"ఆమెన్ కాదయ్యా. దుమ్మంటున్నా. మీరు పొద్దున కోసొచ్చిన దుమ్ము. నీళ్ళు పోసి కొయ్యండి."

పాస్టరు గారు బైబిలు మూశారు, తెరిచారు. ఇది సాక్ష్యమో, ప్రసంగమో, యూనియను మీటింగో ఆయనకి అంతుపట్టలేదు. చివరికి వెనక చాప మీద నుంచి ఒకాయన అన్నాడు. "చేతి గ్రైండరు మీద నీళ్ళు పోస్తే కరెంటు కొడుద్ది గదన్నా."

"కొడుద్ది" అన్నాడు ఏసోబు గారు. "దానికి వేరే మిషనుంది. గాలితో తిరుగుద్ది, నీళ్ళ పైపు దానికే ఉంటది. మీ ఓనరుతో నేను మాట్లాడతా. రేప్పొద్దున యూనిట్టు గేటు దగ్గరికి వస్తా, లోపలికి రాను."

కరుణమ్మ నా వైపు చూసింది. ఏసోబు గారు చూడలేదు. ఈసారి నా సంతకం అడగలేదు. అడిగితే పెట్టేదాన్నే.